మలుపులో మూలుగు

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు కమరాకి ఊరి కూడలిలో సిఫిస్ వ్రొందాకిస్ నడుపుతున్న పికప్ మలుపు తిరుగుతూ మూలిగింది. తర్వాత తుపాకి పేలినట్టు రెండు చప్పుళ్లు చేసి, ఎగిరి, ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్రీట్ దీవి కొండల్లో తుపాకి మోత మామూలు. నిజంగా తుపాకి అయితే కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు తల తిప్పేవారు కారు. తుపాకి కాదని తెలిసింది కాబట్టి అందరూ లేచారు.

పదింటికి కొండ మీద రాతిగుడిసె దగ్గర మానూసోస్ క్లాడోస్ కాగులో గొర్రెపాలు కలుపుతున్నాడు. చీజ్ కోసం మరిగే పాలను మధ్యలో వదలకూడదు. ఫోన్ మోగితే భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కలుపుతూనే ఉన్నాడు.

"మానూసోస్!" అన్నాడు సిఫిస్ అవతలి నుంచి.

మానూసోస్ చేతిలో కర్ర ఆగింది. సిఫిస్ పాపకి జ్ఞానతండ్రిగా ఉంటానని మాటిచ్చినప్పటి నుంచీ సిఫిస్ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. సింతెక్నో అంటున్నాడు. బిడ్డని కన్నవాడూ, ఆ బిడ్డని జ్ఞానస్నానపు తొట్టిలోంచి ఎత్తుకునేవాడూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. అన్నదమ్ములకి మాటలు లేకపోయినా క్రీట్ కొండల్లో సింతెక్నోలకి ఉంటాయి. జ్ఞానస్నానం ఆదివారం.

"ఏంటి సింతెక్నో, ఎవరైనా పోయారా?"

"నీ బండి పోయింది."

"నా బండేంటి? పోయిన వారమే నీకిచ్చాగా."

"ఇచ్చావు. బదులుగా నా పదిహేను పాడి గొర్రెల్నీ ఒక పొట్టేల్నీ తోలుకెళ్లావు. నేనిచ్చినవాటిలో ఒక్కటైనా మూలిగిందా?"

"ఒకటి కుంటుతోంది."

"కుంటుతుందేమో. ఊరందరి ముందూ మూలిగి నా పరువు తీయలేదు కదా!"

ఫోన్ ఆగిపోయింది. కాగు అడుగున పాలు అంటుకున్న వాసన వచ్చింది. మానూసోస్ గబగబా కలిపాడు. ఆ రోజు చీజ్‌కి మాడు వాసన తగిలింది. దాన్ని కుక్కకి వేస్తే కుక్క కూడా కాసేపు ఆలోచించింది.

గురువారం పాల లారీ ఎక్కి అతను కమరాకిలో దిగాడు. పికప్ కూడలిలోనే ఉంది. చొక్కా విప్పి, వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. వేలితో ఇరుసు తడిమాడు. ఎక్కడా ఆయిలు కారడం లేదు. బయటికొచ్చి నాలుగు టైర్లనీ తన్నాడు. నాలుగూ ఒకేలా పలికాయి.

కాఫీ కొట్టు యజమాని పొలిక్రొనిస్ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "చూడు చూడు. లోపల కవలలున్నాయేమో."

"నువ్వు కాఫీ మాడకుండా చూసుకో," అన్నాడు మానూసోస్. తర్వాత పక్కనే నిలబడ్డ సిఫిస్‌తో, "ఎక్కు. పైకి పోదాం. నా చేత్తో నడిపి చూపిస్తా," అన్నాడు.

కొండ మీద గుడిసె ముందు గొర్రెలు తొక్కి తొక్కి చదును చేసిన నేల ఉంది. మట్టీ, గులకరాళ్లూ. మానూసోస్ స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ఒక సున్నా చుట్టాడు. ఎడమకి తిప్పి ఇంకోటి చుట్టాడు. గులకరాళ్లు ఎగిరి గుడిసె గోడకి తగిలాయి. ఇంజిన్ తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"వింటున్నావా?" అన్నాడు.

"ఏం వినను? ఏమీ లేదు."

"అదే వినమంటున్నా."

సిఫిస్ కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాలకేసి చూశాడు. అతని ముప్ఫై నాలుగేళ్ల మొహంలో పరీక్షలో పక్కవాడి కాగితం చూసినా అర్థంకాని పిల్లాడి మొహం కనిపించింది.

కిందికి దిగి కూడలిలోకి వచ్చారు. ఈసారి కూడా స్టీరింగ్ మానూసోస్ చేతిలోనే ఉంది. యుద్ధంలో పోయినవారి స్మారకస్తంభం చుట్టూ తిప్పాడు. సగం తిరిగేసరికి స్టీరింగ్ బరువెక్కింది. బండి ఎవరో తాడేసి వెనక్కి లాగుతున్నట్టు బిగుసుకుంది. కింద నుంచి పొడుగాటి మూలుగు మొదలైంది. తర్వాత ఢాం అంది. సీటు మీది నుంచి ఇద్దరూ ఎగిరిపడ్డారు.

"నొప్పులు మొదలయ్యాయిరోయ్!" అరిచాడు పొలిక్రొనిస్. "మంత్రసానిని పిలవండి!"

మానూసోస్ ఇంజిన్ ఆపాడు.

"బండి మంచిదే," అన్నాడు. "మీ రోడ్డుకి జబ్బు చేసింది."

"రోడ్డుకా?"

"నెల కిందటి దాకా ఇది మట్టిరోడ్డు. తారు వేశారు. బండికి పడలేదు."

"బండికి పడలేదు! ఇదేమన్నా అల్లుడా, పెట్టింది పడకపోవడానికి?" సిఫిస్ బండి దిగి తలుపు విసిరికొట్టాడు. "నువ్వు చెప్పినట్టే నడిపాగా! పెద్ద గేరు రాడ్డు తప్ప ఆ పక్కనున్న చిన్నదాన్ని ముట్టుకోవద్దన్నావు. ముట్టుకోలేదు."

"ముట్టుకోకూడదు."

చిన్న రాడ్డు ముందుకు తోసి ఉంది. అది వెనక్కి రాకుండా మేకల గంటలు కట్టే తోలుపట్టీతో దాన్ని డ్యాష్‌బోర్డు కింది కమ్మీకి కట్టేసి ఉంది. బండి కొన్న రోజున మానూసోస్ కట్టిన ముడి అది. పదకొండేళ్లలో ఎవరూ విప్పలేదు.

"నాలుగు చక్రాలూ లాగే బండి కొనుక్కుని," అన్నాడు మానూసోస్, "రెండిటితో లాగించి రెండిటిని ఊరికే తిప్పుకుంటూ పోడానికి మనమేమన్నా మునిసిపాలిటీ గుమాస్తాలమా?"

ఈ మాటకి కాఫీ కొట్టు ముందున్నవాళ్లు తలలూపారు. బండి సంగతి ఏమైనా, దీన్లో ఎవరికీ అనుమానం లేదు.

ఫాదర్ నికిఫోరోస్ చర్చి మెట్లు దిగి వచ్చాడు. ఆయన గడ్డం పొట్ట దాకా ఉంటుంది. కోపం వచ్చినప్పుడు దాన్ని రెండు పాయలు చేస్తాడు. ఇప్పుడు చేశాడు.

"ఆదివారం మీరిద్దరూ నా ఎదురుగా నిలబడాలి. ఇలా మొహాలు తిప్పుకుని నిలబడితే ప్రార్థన ఎవరిని చూసి చదవను?"

"మానూసోస్ నిలబడక్కర్లేదు ఫాదర్," అన్నాడు సిఫిస్. "హెరాక్లియో నుంచి మా బావమరిది వస్తాడు. పాపని ఆయనే ఎత్తుకుంటాడు."

"పేరు?"

"మెలీనా అంటున్నాడు."

మానూసోస్ చేతులకి ఇరుసు గ్రీజు అంటి ఉంది. గుడ్డముక్కతో ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు. సిఫిస్ మొదటి ఇద్దరు కూతుళ్లకీ నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు పెట్టేశారు. మూడో పిల్లకి పేరు పెట్టే హక్కు జ్ఞానతండ్రిది.

"ఎర్గినా అనుకున్నాం కదా," అన్నాడు. అది అతని తల్లి పేరు. చలికాలంలో పోయింది. ఆ పేరు పెట్టుకోడానికి అతనికి పిల్లలు లేరు.

"అనుకున్నాం," అన్నాడు సిఫిస్. "బండి మంచిదని కూడా అనుకున్నాం."

శుక్రవారం మళ్లీ పాల లారీలోనే మానూసోస్ దిగాడు. ఒళ్లో అట్టపెట్టె ఉంది. అందులో తెల్ల గౌను, చిన్న బూట్లు, తువ్వాలు, సబ్బు, నూనె సీసా, దారానికి గుచ్చిన వెండి శిలువ ఉన్నాయి. జ్ఞానతండ్రి తేవాల్సినవి. అవన్నీ రెథిమ్నో పట్నంలో కొట్టు కొట్టూ తిరిగి కొన్నాడు. బూట్లు మూడు జతలు కొన్నాడు, పాప కాలు ఎంతుంటుందో తెలియక.

సిఫిస్ ఇంటి ముంగిట్లో కొత్తగా సిమెంటు చేయించారు. సిఫిస్ భార్య రొదాంతీ తలకి గుడ్డ కట్టుకుని ప్రహరీకి సున్నం వేస్తోంది. సున్నం బకెట్ గేటు దగ్గరుంది. పాప నీడలో తొట్టిబండిలో నిద్రపోతోంది.

సిఫిస్ ఇంట్లోంచి వచ్చి పెట్టెని చూశాడు.

"వెనక్కి తీసుకుపో."

"బూట్లు మూడు సైజులు తెచ్చా."

"తీసుకుపొమ్మన్నాను."

"నా ముంగిట్లో ఎవరూ అరవొద్దు," అంది రొదాంతీ, కుంచె ఆపకుండా. "పిల్ల లేస్తుంది. సున్నం ఆరలేదు. పోట్లాడాలనుంటే కూడలికి పోండి, పొలిక్రొనిస్ కుర్చీలేస్తాడు."

సిఫిస్ ముంగిట్లో నిలిపిన పికప్ ఎక్కి స్టార్ట్ చేశాడు. గోడ పక్క నుంచి తిన్నగా వచ్చి గేటు వైపు తిప్పబోతూ, కోపంలో బకెట్‌ని చూసుకోలేదు. బకెట్ దొర్లింది. సున్నం అడ్డంగా పరుచుకుంది. ముందు చక్రాలు దానిలోంచి వెళ్లాయి, వెనక చక్రాలూ వెళ్లాయి. బండి మూలుగుతూ గేటు వైపు తిరిగి, ఢామ్మని ఒకసారి ఎగిరి, వీధిలోకి పోయింది.

పాప లేచి ఏడ్చింది.

రొదాంతీ ముందు పాపనెత్తుకుంది, తర్వాత సిమెంటు చూసింది, ఆ తర్వాత మొగుణ్ణి తిట్టింది. తిట్టు చాలాసేపు పట్టింది. మానూసోస్ ప్రహరీ తగలని చోట నిలబడి మర్యాదగా విన్నాడు.

"నాలుగు!" అంది మానూసోస్‌తో. పెద్దవాళ్లని అక్కడ బార్బా అంటారు, బాబాయ్ అన్నట్టు. "చూడు బార్బా, నాలుగు చారలు! బండికి అటో చక్రం, ఇటో చక్రం. రెండు చారలు పడాలి. నాలుగు పడ్డాయి. కావాలని రెండుసార్లు తిప్పాడు."

"ఒక్కసారే తిప్పాడమ్మా. నేను చూస్తూనే ఉన్నా."

"మరి నాలుగెందుకు?"

మానూసోస్ పెట్టె గోడ మీద పెట్టి వంగి చూశాడు. బకెట్ దగ్గర రెండే చారలున్నాయి. మలుపు మొదలయ్యే చోట ఒక్కోటీ రెండుగా విడిపోయింది. బయటి చారలో బారెడు బారెడుకీ అడ్డంగా ఒక గీత ఉంది.

"ఈ గీత ముందు టైరుది," అన్నాడు. "పోయినేడు రాయి కోసేసింది. వెనకదానికి లేదు. ముందు చక్రం బయటి నుంచి పోయింది, వెనకది లోపలి నుంచి పోయింది."

"మూల కోసిందన్నమాట. మా అత్తగారిలాగా."

"ఏంటి?"

"ఆదివారం భోజనాలకని నిన్న పెద్దబల్ల బయటికి మోశాం. ముందు నేను, వెనక మా అత్త. మలుపులో నేనంత దూరం చుట్టూ తిరిగా. ఆవిడ లోపలి నుంచి మూల కోసుకుని నింపాదిగా వచ్చేసింది. నేను ఆరడుగులేస్తే ఆవిడ నాలుగు. తర్వాత నడుం నొప్పెట్టింది మాత్రం ఆవిడకే."

మానూసోస్ ఆమె మొహంలోకి చూశాడు. అట్టపెట్టె విప్పి, గౌనుకి చుట్టిన పొడవాటి తెల్ల రిబ్బన్ లాగాడు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆమె చంకలో పాప. బయటి చార వెంట మలుపు మొదలు నుంచి చివరిదాకా రిబ్బన్ పరిచి, వేలితో నొక్కి పట్టుకున్నాడు. అదే రిబ్బన్‌ని లోపలి చార వెంట పరిచాడు. బెత్తెడు మిగిలింది.

"ముందు చక్రాలు ఎక్కువ నడిచాయి," అన్నాడు.

"నడిస్తే నడిచాయి. మూలగడమెందుకు?"

అది మానూసోస్‌కి తెలియదు. రొదాంతీ రెథిమ్నోలో మెకానిక్ లెఫ్తెరిస్‌కి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టింది. లెఫ్తెరిస్ ఏదో నములుతున్నాడు.

"ఎవరూ, సిఫిస్ పెళ్లామా? మీ ఆయన బుధవారం చేశాడు. చిన్న రాడ్డు ఎక్కడుందని అడిగా. నేను మగాణ్ణి కాదనుకుంటున్నావా అని పెట్టేశాడు. ఇంతకీ ఎక్కడుంది?"

"ముందుకు ఉంది," అన్నాడు మానూసోస్. "కట్టేసి ఉంది."

నమలడం ఆగింది. "కట్టేసి ఉందా?"

"పట్టీతో."

"విను బార్బా. ఒక ఇరుసుకి రెండు చక్రాలు. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. అందుకని ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెట్టారు. ఎవరికెంత కావాలో అంత తిరగనిస్తుంది. ముందు ఇరుసుకొకటుంది, వెనక ఇరుసుకొకటుంది. బాగుందా?"

"బాగుంది."

"ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మాత్రం మీ బండిలో అలాంటిదేమీ లేదు. చిన్న రాడ్డు ముందుకేశావంటే రెండిటినీ ఒకే కాడికి కట్టేసినట్టు. ముందుది ఎన్ని చుట్లు తిరిగితే వెనకదీ అన్నే తిరగాలి. మలుపులో ముందుది ఎక్కువ దూరం పోవాలి, వెనకది తక్కువ పోవాలి. ఎలా కుదురుతుంది? పెనుగులాడతాయి. లోపలి కడ్డీలు మెలిపడతాయి, గేరు పళ్లు బిగుసుకుంటాయి. ఇంక పట్టలేక ఒక టైరు నేల వదిలేసి గెంతుతుంది. అదే ఆ ఢాం."

"కొండ మీద ఒక్కసారి కూడా గెంతలేదే!"

"కొండ మీద మట్టి. టైరు కొంచెం జారుతుంది, ఆ తేడా కాస్తా సర్దుకుంటుంది. తారు మీద, సిమెంటు మీద జారడానికి చోటేదీ? పొడి రోడ్డు మీద చిన్న రాడ్డు వెనక్కుండాలి. బురదలో, మంచులో, గులకలో ముందుకెయ్యాలి. బండితో పాటు వచ్చిన పుస్తకంలో ఉంటుంది ఇదంతా."

పుస్తకంతో మానూసోస్ మొదటి చలికాలమే పొయ్యి రాజేశాడు. ఆ సంగతి చెప్పలేదు.

"అయితే బండిలో లోపం లేదంటావు," అన్నాడు.

"లేదు. ఇలాగే తిప్పితే వస్తుంది."

"రోడ్డులో?"

"రోడ్డేం చేసింది పాపం? ఇంతకీ ఆ పట్టీ కట్టిన మహానుభావుడెవరు?"

రొదాంతీ మానూసోస్ వైపు చూసింది. పాప కూడా చూసింది. మానూసోస్ రిబ్బన్‌ని వేలికి చుట్టుకుంటున్నాడు.

"నేనే," అన్నాడు.

శనివారం పొద్దున్న కూడలిలో కాఫీ కొట్టు కుర్చీలన్నీ నిండాక సిఫిస్ పికప్ స్మారకస్తంభం చుట్టూ తిరుగుతూ మళ్లీ బిగుసుకుని ఆగింది. మానూసోస్ దానికోసమే నిలబడి ఉన్నాడు. రాడ్డు సంగతి సిఫిస్‌కి తనే చెప్తానని నిన్ననే రొదాంతీతో అన్నాడు. దగ్గరికెళ్లి తలుపు తీశాడు.

"జరుగు."

"ఎందుకు?"

"బండి మంచిదే. రోడ్డూ మంచిదే. తప్పు నాది. జరుగు."

అలాంటి వాక్యం మానూసోస్ నోటి నుంచి సిఫిస్ ఎప్పుడూ వినలేదు. జరిగాడు.

మానూసోస్ జేబులోంచి గొర్రెల కత్తి తీసి తోలుపట్టీ కోశాడు. చిన్న రాడ్డు పట్టుకుని వెనక్కి లాగాడు. కదల్లేదు. రెండు చేతులా లాగాడు. కదల్లేదు. కాలు కమ్మీకి తన్నిపెట్టి లాగితే రాడ్డు మీది నల్లగుండు ఊడి చేతికొచ్చింది.

"సంతోషం," అన్నాడు సిఫిస్. "ఇప్పుడు మూలుగుతుంది, పైగా బోడిది."

మానూసోస్ ఫోన్ తీశాడు. లెఫ్తెరిస్ రెండు ముక్కల్లో చెప్పాడు. "బిగువు మీదుంటే రాదు. స్టీరింగ్ ఎలా ఉందో అలాగే ఉంచి, వచ్చిన దారినే నాలుగు గజాలు వెనక్కి పోనీ. మెలి విడిపోతుంది."

"వెనక్కా?"

"వెనక్కే."

మానూసోస్ తలెత్తి చూశాడు. ఎదురుగా, బండికి బారెడు దూరంలో, పక్క ఊరి రొట్టెల వ్యాను వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ కొండల్లో ఇరుకుదారిలో రెండు బండ్లు ఎదురుపడితే ఎవరు వెనక్కి పోతారన్నది చిన్న విషయం కాదు. మానూసోస్ ఒకసారి గొర్రెల లారీకి ఎదురుపడి, వెనక్కి పోకుండా మధ్యాహ్నం భోజనం అక్కడే బండిలో కూర్చుని చేశాడు. లారీ డ్రైవరు కూడా తినే వచ్చాడు. చివరికి ఇద్దరూ నిద్రపోయారు.

కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఒరే, నువ్వు పో ముందు!"

"ఎటు పోను? అడ్డంగా ఉన్నది నువ్వు!"

"అయితే వెనక్కి పో!"

"నువ్వు పో!"

కాఫీ కొట్టు ముందు కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. పొలిక్రొనిస్ ట్రే కింద పెట్టాడు.

"నేను నీకోసం పోవడం లేదు," అరిచాడు మానూసోస్. "నా పని మీద పోతున్నా. అర్థమైందా?"

"నీ ఇష్టం."

"ముందు నువ్వు అర్థమైందను."

"అర్థమైందయ్యా, రొట్టెలు చల్లారుతున్నాయి!"

మానూసోస్ పక్కకి తిరిగాడు. సిఫిస్ రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి అన్నాడు, "మీ పిల్ల ఎర్గినా అవుతుందంటే, పోతా."

"ముందు మూలుగు పోనీ."

మానూసోస్ క్లచ్ తొక్కి రివర్స్ వేశాడు. స్టీరింగ్ కదపలేదు. పికప్ వెనక్కి కదిలింది. ఒక గజం. రెండు. కాఫీ కొట్టు ముందు ఎవరూ మాట్లాడటం లేదు. మూడో గజంలో కింద ఎక్కడో టక్కుమంది. ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు బండి కాస్త కిందికి సర్దుకుంది. రొట్టెల వ్యాను ఆ ఖాళీలోంచి దూసుకుపోయింది. డ్రైవరు చెయ్యెత్తి థాంక్స్ చెప్పాడు.

మానూసోస్ దాన్ని భరించాడు.

బోడి రాడ్డుని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వెన్నలో గరిటెలా వెనక్కి వచ్చేసింది. మొదటి గేరు వేసి స్తంభం చుట్టూ తిప్పాడు. స్టీరింగ్ పూర్తిగా కోసి ఇంకోసారి తిప్పాడు. తారు మీద టైర్ల మెత్తటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడోసారి తిరుగుతుండగా సిఫిస్ చెవి ఒగ్గాడు.

"వింటున్నావా?" అన్నాడు మానూసోస్.

"ఏమీ లేదు సింతెక్నో," అన్నాడు సిఫిస్.

ఇంకో రెండు చుట్లు తిరిగాక, "మా బావమరిదికి ఫోన్ చెయ్యాలి," అన్నాడు. "బూట్లు మూడు జతలన్నావు కదా. మధ్యవి సరిపోతాయంది రొదాంతీ. నిన్న నువ్వెళ్లాక పెట్టె లోపలికి తెచ్చి చూసిందిలే."

ఆదివారం పదకొండింటికి చర్చిలో తొట్టి నీళ్లలో మోచెయ్యి ముంచి ఫాదర్ నికిఫోరోస్ వేడి చూశాడు. మానూసోస్ తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పాపని పాలకుండలా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. సిఫిస్ పక్కన నిలబడ్డాడు. జ్ఞానతండ్రి చేత సైతానుని త్యజించినట్టు మూడుసార్లు చెప్పించారు. మానూసోస్ మూడోసారి కాస్త గట్టిగా చెప్పాడు.

ఫాదర్ నూనె సీసా అందుకుని దగ్గరికి వంగాడు. గడ్డం పాప మొహానికి తగిలింది.

"స్టీరింగ్ అస్సలు తిప్పకూడదా?" అని గొణిగాడు.

"అస్సలు తిప్పకూడదు ఫాదర్."

"నాలుగు గజాలు చాలా?"

"చాలు. ఎందుకు?"

"మా అక్క కొడుకు అడిగాడు." ఫాదర్ నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పేరు?"

"ఎర్గినా," అన్నాడు మానూసోస్. మళ్లీ చెప్పాడు. "ఎర్గినా."

ఫాదర్ ఆ పేరుతో పాపని మూడుసార్లు నీళ్లలో ముంచాడు. మూడుసార్లూ పాప అరిచింది. మూడోసారి లేపగానే ఆయన గడ్డంలో ఒక పాయ పట్టుకుంది. వదిలించడానికి సిఫిస్ చెయ్యి పడింది, తర్వాత మానూసోస్ చెయ్యి కూడా పడింది.

పన్నెండున్నరకి అందరూ భోజనాలకి సిఫిస్ ఇంటికి నడిచారు. ఫాదర్ నికిఫోరోస్ పై ఊళ్లో ఇంకో ప్రార్థన ఉందని చెప్పి, చర్చి వెనక సిమెంటు ఆవరణలో నిలిపిన తన పికప్ ఎక్కాడు. ఎదురుగా గేటు బార్లా తెరిచి ఉంది. ఆయన అటూ ఇటూ చూశాడు. పికప్ నాలుగు గజాలు వెనక్కి వెళ్లింది. లోపల ఏదో టక్కుమంది, ఫాదర్ మోచెయ్యి చిన్న రాడ్డు లాగినట్టు ఒకసారి వెనక్కి కదిలింది. ఆ తర్వాత ముందుకు కదిలి, మలుపు తిరిగి, చప్పుడు లేకుండా గేటు దాటి వెళ్లిపోయింది.